ఉత్తుత్తి గుళిక

పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఆమెని వెనకాల అందరూ పిల్లి అనేవాళ్ళు. దొంగల్ని ఎలకల్ని పట్టినట్టు పడుతుందని కాదు, అంత మెచ్చుకునే గుణం వాళ్ళకెక్కడిది! కాలుగాలిన పిల్లిలా ఒక్కచోట నిలవదని. ఉద్యోగం వదిలేసి సొంతంగా డిటెక్టివ్ బోర్డు కట్టుకున్నా ఆ పేరు మాత్రం ఆమెని వదల్లేదు. ఇప్పుడా పిల్లి లేజర్ ల్యాబ్‌లో, తెల్లకోట్లు తొడుక్కునే గదిలో, ఈ గోడ నుంచి ఆ గోడకి తిరుగుతోంది.

"కాసేపు కూర్చోండి మేడం. మిమ్మల్ని చూస్తుంటే నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు గుమ్మంలో నిలబడ్డ ఇన్‌స్పెక్టర్.

"నీకు కళ్ళు తిరగడం కొత్తేంటి? మొదటి శవాన్ని చూసిన రోజు నా చీర మీదే కదా కక్కుకున్నావు."

ఇన్‌స్పెక్టర్ మొహం మాడిపోయింది. ఒకప్పుడు ఆమె కింద పనిచేసినవాడే. ఎవర్నో ఒకర్ని లోపల వేస్తే గాని తిన్నది అరగని మనిషి. "సాయంత్రం కోర్టు మూసేలోగా ఇతన్ని హాజరు పరచాలి. అందాకే మీకు టైము. అది కూడా పాత గౌరవం కొద్దీ ఇస్తున్నాను," అని సెల్‌ఫోను మోగితే వరండాలోకి వెళ్ళాడు.

ఇతను అంటే బెంచీ మీద తల వంచుకు కూర్చున్న మనిషి. ముప్పై దాటాయి, గడ్డం గీసుకుని మూడు రోజులైనట్టుంది. మొన్న ఇదే ల్యాబ్‌లో చనిపోయిన భౌతిక శాస్త్రవేత్తకి సొంత మేనల్లుడు, ఆయన చేతికింద పనిచేసేవాడు. చనిపోయినాయన్ని ల్యాబ్‌లో అందరూ పెద్దసారు అనేవాళ్ళు, ఇతన్ని అల్లుడుగారు అని ఆటపట్టించేవాళ్ళు. పెద్దసారు భార్యే పొద్దున పిల్లి ఇంటికొచ్చి కూర్చుంది. ఏడవలేదు. "ఆయన్ని మీరెలాగూ తెచ్చివ్వలేరు. వీణ్ణయినా నాకు మిగల్చండి. తల్లిపోయిన పిల్లాణ్ణి నా చేతుల మీద పెంచాను, వాళ్ళ మామయ్యని చంపే మనిషి కాదు వాడు," అంది. ఆ మాట దగ్గర్నుంచీ పిల్లికి కాలు నిలవడం లేదు.

"ఇదిగో బాబూ," అంది పిల్లి అతని ఎదురుగా ఆగి, "ఆ ఇన్‌స్పెక్టర్ ఫోను మాట్లాడి వచ్చేలోగా నాకు నిజం కావాలి. నీళ్ళు నమలకు. మొన్న ఏం జరిగింది?"

"పోలీసులకి చెప్పాను కదండీ."

"వాళ్ళకి చెప్పనిది చెప్పు."

అతను బెంచీ అంచుని గోటితో గీకాడు.

"సరే, చెప్పిందే మళ్ళీ చెప్పు. నాకు సైన్సు రాదు. చంటిపిల్లకి చెప్పినట్టు చెప్పు."

అది మాత్రం అతనికి చేతనైన పని. "లోపల హాల్లో పెద్ద ఉక్కు గోళం ఉంటుందండీ, గదంత. దాని నడిమధ్య గాజుపోగు చివర ఆవగింజంత గుళిక పెడతాం. గుళికలో భార హైడ్రోజన్ ఉంటుంది. గోళంలో గాలంతా తోడేసి, అన్ని వైపుల నుంచీ ఒక్కసారే లేజర్‌తో కొడతాం. గుళిక పైపొర భగ్గున ఆవిరై బయటికి తన్నుకుంటుంది. ఆ తన్నుకి లోపలిది లోపలికి నలిగిపోయి, సూర్యుడి కడుపులో ఉన్నంత వేడెక్కాలి. అప్పుడు హైడ్రోజన్లు రెండేసి కలిసిపోయి న్యూట్రాన్లు బయటికొస్తాయి. అవి వస్తే మనం సూర్యుణ్ణి వెలిగించినట్టు లెక్క."

"వెలిగించారని విన్నాను. పేపర్లో ఫొటోలు పడ్డాయి."

అతను తల ఇంకా కిందికి వంచాడు. అక్కడేదో ఉందని పిల్లి పసిగట్టింది. ఆవులిస్తే పేగులు లెక్కపెట్టే రకం మరి. అయినా అప్పటికి వదిలేసింది. "కొట్టాక?"

"గోళంలోకి నైట్రోజన్ వదుల్తాం. మామూలు గాలిలో తేమ ఉంటుంది కదండీ, ఒకేసారి వదిలితే లెన్సులు పాడవుతాయి. తర్వాత ఫ్యాన్‌తో బయటి గాలి కొట్టి ఆ నైట్రోజన్‌ని తరిమేస్తాం. గోళం మూతి దగ్గర ఆక్సిజన్ మీటర్ ఉంటుంది. ఎర్రగా ఉంటే లోపలికి తల పెట్టకూడదు, పచ్చబడితే వెళ్ళొచ్చు. పచ్చబడ్డానికి అరగంటన్నా పడుతుంది."

"ఎర్రగా ఉన్నప్పుడు తల పెడితే?"

"రెండు మూడు ఊపిర్లు. అంతే. వాసన ఉండదు, మంట ఉండదు. ఊపిరాడనట్టు కూడా తెలీదంటారు."

"మొన్న నైట్రోజన్ వదిలింది ఎవరు?"

"నేనే. ఫ్యాన్ వేసిందీ నేనే. కాసేపటికి చూస్తే అప్పటికే పచ్చగా ఉంది. ఈసారి తొందరగా పచ్చబడిందే అనుకున్నాను. అంతే, అనుకున్నాను! అక్కడ ఆగి ఆలోచించాల్సిన పని నాది. మామయ్య లోపలికి దూరారు. నేను కంట్రోల్ రూం నుంచి మైకులో పిలిచాను. పలకలేదు. పరిగెత్తాను." అతను చేతి వెనకతో ముక్కు తుడుచుకున్నాడు. "కాళ్ళు పట్టుకుని లాగాను మేడం. చిన్నప్పుడు ఆయన భుజాల మీద ఎక్కినవాణ్ణి, కాళ్ళు పట్టుకుని లాగాను."

పిల్లి మొహం పక్కకి తిప్పి కళ్ళు తుడుచుకుంది. పోలీసు ఉద్యోగం చేసినవాళ్ళు అలా తుడుచుకోకూడదంటారు. అనేవాళ్ళు ఏమైనా అంటారు.

"ఆ ముందురోజు మీ ఇద్దరికీ గొడవైందట. హాలంతా వినపడేలా అరుచుకున్నారట. దేనికి?"

అతను కిందికి చూస్తూనే తల అడ్డంగా ఊపాడు.

"నువ్వు చెప్పకపోతే ఇన్‌స్పెక్టర్ తనే ఒకటి అల్లుకుంటాడు. పగ అంటాడు. మీ అత్తయ్య కోర్టు మెట్ల మీద కూర్చుని అది వినాలి. విననిద్దామా?"

ఆ దెబ్బకి అతను తలెత్తాడు. "అత్తయ్యకి చెప్పనని మాటివ్వండి."

"చెప్పను."

"మా న్యూట్రాన్లు నిజం కాదేమో మేడం. లేజర్ తగలగానే గుళిక చుట్టూ ప్లాస్మా, అంటే మండే వాయువు, కమ్ముకుంటుంది. వచ్చే కాంతికీ ఆ ప్లాస్మాకీ పడదు. కొంత కాంతిని వెనక్కి తన్నేస్తుంది, కొంత ఎలక్ట్రాన్లని వెర్రెత్తించి తరుముతుంది. అవెళ్ళి గోడలకి గుద్దుకుంటే ఎక్స్‌రేలు పుడతాయి. న్యూట్రాన్లు లెక్కపెట్టే మా కౌంటర్ ఆ ఎక్స్‌రేలనే న్యూట్రాన్లనుకుని లెక్కపెడుతోందని నా అనుమానం. తేల్చాలంటే ఒకటే దారి. హైడ్రోజన్ లేని ఉత్తుత్తి గుళిక పెట్టి కొట్టాలి. అప్పుడు కూడా కౌంటర్ అంతే మోగిందనుకోండి, మేం వెలిగించింది సూర్యుణ్ణి కాదు, మా మొహాల్ని."

"మీ మామయ్య ఒప్పుకోలేదు."

"మండిపడ్డారు. ముప్పై ఏళ్ళ కష్టం మేడం ఆయనది. నాకూ ఒళ్ళు మండి, నేను పెడితే ఏదో కిటుకు చేశానంటారు, మీ చేత్తో మీరే పెట్టి చూసుకోండి అన్నాను. రాత్రంతా నిద్రపోలేదనుకుంటాను. మొన్న నేను లోపలికి దూరబోతుంటే నా భుజం పట్టుకుని ఆపారు. ఇటివ్వరా అల్లుడూ, నేనే పెడతానని ఉత్తుత్తి గుళిక నా చేతిలోంచి తీసుకున్నారు." అతను రెండు చేతుల్తో మొహం కప్పుకున్నాడు. "ఈ మాట బయటికొస్తే ఆయన పోయిన వారానికే ఆయన పరువు కూడా పోతుంది. అందుకని చెప్పలేదు."

"గొడవ పడ్డప్పుడు దగ్గర ఇంకెవరున్నారు?"

"చిన్నసారు. కౌంటర్ కట్టింది ఆయనే."

అంతలో ఇన్‌స్పెక్టర్ లోపలికొచ్చాడు. "అయిందా మేడం, సత్సంగం?"

"సగం అయింది. మిగతా సగం గోళం దగ్గర," అని పిల్లి తెల్లకోటు తగిలించుకుని అప్పటికే నడిచేస్తోంది.

హాల్లో అడుగుపెట్టే ముందు గడియారం, గాజులు తీసి పళ్ళెంలో పెట్టమన్నారు. మెరిసే వస్తువు లేజర్‌కి అడ్డొస్తే ఎవరి కంట్లోకి తిరిగి కొడుతుందో తెలీదట. కోటు చేతులు మడుచుకుంటూ అక్కడే నిలబడ్డ నడివయసు మనిషి, ఎంతో మర్యాదగా, పళ్ళెం తనే అందించాడు. చిన్నసారు. పెద్దసారు తర్వాత అంతటివాడు. వచ్చే నెల నుంచి ల్యాబ్ డైరెక్టర్ కుర్చీ అతనిదేనని వరండాలో అందరూ చెప్పుకుంటున్నారు.

"మీటర్ ఎలా పనిచేస్తుందండీ?" అంది పిల్లి గోళం చుట్టూ తిరుగుతూ.

"ఒక సన్న గొట్టం గోళం లోపలి గాలిని పీల్చి మీటర్‌కిస్తుంది మేడం. దాన్ని బట్టి అంకె చూపిస్తుంది. మీటర్ అబద్ధం చెప్పదు. మనుషులే తొందరపడతారు," అన్నాడు చిన్నసారు, అల్లుడి వైపు జాలిగా చూస్తూ.

"గొట్టం లోపలి కొస ఏది?"

అతను గోళం మూతి పక్కన చిల్లు చూపించాడు. మూత మొన్నటి నుంచీ తెరిచే ఉంది, లోపల మామూలు గాలే. పిల్లి చిల్లుకి నోరు ఆనించి గట్టిగా ఊదింది. మనిషి వదిలిన ఊపిరిలో ఆక్సిజన్ తక్కువ కదా, మీటర్‌కి ఆపాటి తెలియాలి. మీటర్‌లో చలనం లేదు. మళ్ళీ ఊదింది. మళ్ళీ లేదు.

"బుడగలు ఊదుతున్నారా మేడం?" అని నవ్వాడు ఇన్‌స్పెక్టర్.

పిల్లి వినిపించుకోలేదు. గోళం చుట్టూ ఒక ప్రదక్షిణ, ఇనుప మెట్లెక్కి ఒకటి, దిగి ఇంకొకటి. మోకాళ్ళు నొప్పెట్టి, ఆయాసం వచ్చి, మీటర్ పెట్టె కింద వైర్ల కట్ట మీదికి వంగి రొప్పుతూ నిలబడింది. మీటర్ కీచుమంది. ఎర్రగా వెలిగింది.

అందరూ అటు తిరిగారు.

పిల్లి వైర్ల కట్టని వేళ్ళతో విడదీసింది. సన్న గొట్టం మీటర్ దగ్గరే జాయింటులో ఊడి ఉంది. ఊడిన కొస వైర్ల మధ్యలోకి దోపి ఉంది, పైకి చూస్తే బిగించినట్టే. "ఇది గోళంలో గాలి పీల్చడం లేదు. హాల్లో గాలి పీలుస్తోంది. అంటే లోపల నైట్రోజన్ నిండి ఉన్నా పచ్చగానే చూపిస్తుంది. దానంతటది ఊడితే వేలాడాలి, ఇలా ఒద్దికగా దాక్కోదు. ఎవరో చేశారు. చూశావా? ఇది నిర్లక్ష్యం కేసు కాదు."

ఇన్‌స్పెక్టర్ దగ్గరికొచ్చి వంగి చూశాడు. అతని మొహం పండగైంది. "చూశాను మేడం. చాలా థాంక్సు. నేను నిర్లక్ష్యం అనే రాద్దామనుకున్నాను. ఇప్పుడిది హత్య. మీటర్ దగ్గర ఉన్నది ఇతనే, గ్యాస్ వదిలింది ఇతనే, గొడవపడింది ఇతనే. రెండేళ్ళతో పోయేవాణ్ణి మీరే యావజ్జీవం దాకా తెచ్చారు!"

గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తేవడమంటే ఇదే. అల్లుడు ఊడిన గొట్టం వైపే చూస్తున్నాడు. భయంతో కాదు. అతని మొహంలో వింత తేలిక కనిపించింది, మామయ్య పోయింది తన మరుపు వల్ల కాదని ఇప్పుడే తెలిసినవాడి తేలిక. పిచ్చివాడు, తన మెడకి ఉచ్చు బిగుస్తోందని గమనించనే లేదు.

"నీకు ఇతనే దొరికాడా? నిన్ను కట్టుకున్నావిడ ఎలా వేగుతోందో గాని," అంది పిల్లి మంటతో.

"ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. బయట మీ క్లయింటు కూర్చుంది. హత్య అని మీ నోటితోనే చెప్పి రండి. మేము ఈలోగా ఇక్కడ పని కానిస్తాం."

ఆ పనేమిటో అడగాలని కూడా ఆమెకి తోచలేదు. అంత ఉడికిపోయి ఉంది.

ల్యాబ్ ముందుగదిలో పెద్దసారు భార్య ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. పిల్లి ఎదురుగా కుర్చీ లాక్కుని, నాన్చకుండా చెప్పేసింది. గొట్టం ఎవరో ఊడదీశారని, మీ ఆయన్ని ఎవరో కావాలని చంపారని, ఇన్‌స్పెక్టర్ మీ అల్లుడి పేరే రాస్తాడని.

ఆవిడ ఒళ్ళో సంచీ పట్టీని వేలికి చుట్టుకుంది. తర్వాత, తనలో తను అనుకుంటున్నట్టు, "ఆయన్ని చంపాలనుకున్నవాళ్ళు అలా ఎందుకు చేస్తారు?" అంది.

"అంటే?"

"గోళంలోకి ఆయన దూరరు కదా! గ్యాస్ విప్పినవాడే ముందు దూరాలి. ల్యాబ్ పెట్టిన రోజు నుంచీ ఆయన పెట్టిన నియమం అది. ఎవడి ప్రాణం మీదికొస్తే వాడే జాగ్రత్తగా ఉంటాడనేవారు. ఇంట్లోనూ అదే తంతు. సిలిండర్ మార్చినవాడే పొయ్యి వెలిగించాలట. పెళ్ళైన దగ్గర్నుంచీ సిలిండర్ ఆయనే మార్చారు, వెలిగించి ఆయనే కాఫీ పెట్టారు. నన్ను వంటింటి గుమ్మం అవతల నిలబెట్టేవారు." ఆవిడ సంచీ తీసి పక్కన పెట్టింది. "గ్యాస్ విప్పింది వాడైతే, దూరాల్సిందీ వాడే. ఈయన ఎందుకు దూరారో నాకు అర్థం కావడం లేదు."

పిల్లి లేచి నిలబడింది. కుర్చీ వెనక్కి పడింది.

ల్యాబ్‌లో అందరికీ తెలిసిన నియమం. మొన్న ఆ గొట్టం ఊడదీసిన మనిషికీ తెలుసు. గ్యాస్ విప్పేది అల్లుడు కాబట్టి దూరేది అల్లుడేనని లెక్క వేసుకున్నాడు. చివరి క్షణంలో మామయ్య భుజం పట్టుకుని ఆపి తను వెళ్తాడని ఎవరనుకుంటారు? తను దూరాల్సిన గోతిని తనే ఎవడూ తవ్వుకోడు. ఉచ్చు పెద్దసారుకి కాదు, అల్లుడికి. ఉత్తుత్తి గుళిక పెట్టి కొడదామని పట్టుబట్టినవాడు అతనొక్కడే. అరుపులు హాలంతా విన్నా, గొడవ దేనికో దగ్గరుండి విన్నవాడు చిన్నసారు ఒక్కడే. అది కొట్టిన రోజున గంగలో కలిసే కౌంటర్ పరువూ, డైరెక్టర్ కుర్చీ కూడా అతనివే. అల్లుడు ఇంకా బతికే ఉన్నాడు. అంటే చిన్నసారు పని ఇంకా కాలేదు.

"అమ్మా, చిన్నసారు ఇటు వచ్చాడా?"

"ఇందాకే వచ్చారు. ఆ రోజు జరిగింది జరిగినట్టు వాడిచేత మళ్ళీ చేయించి, వీడియో తీస్తారట. ఆలస్యమవుతుంది, మీరు ఇంటికెళ్ళండమ్మా అని చెప్పి..."

ఆవిడ మాట పూర్తయ్యేసరికి పిల్లి వరండాలో పరిగెడుతోంది. మోకాళ్ళ నొప్పి సంగతి ఆమెకి గుర్తు లేదు.

కంట్రోల్ రూంలో దళసరి గాజుపలక ముందు ఇన్‌స్పెక్టర్, చిన్నసారు పక్కపక్క కుర్చీల్లో ఉన్నారు. పక్కనే స్టాండు మీద పోలీసు కెమెరా, ఎర్రచుక్క వెలుగుతూ. గాజు అవతల హాల్లో అల్లుడు ఒంటరిగా, గోళం మూత తీస్తున్నాడు. పైన తెరమీద మీటర్ అంకె పచ్చగా ఉంది.

"ఆపు! వాణ్ణి ఆపు!"

"ఏమైంది మేడం? కొత్త గొట్టం బిగించాం. మీటర్ ఇందాక ఎర్రబడింది కూడా, బాగానే పనిచేస్తోంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"ఫ్యాన్ వేసి ఎంతసేపైంది?"

"ఇప్పుడే వేశాడు. వెయ్యగానే పచ్చబడింది."

"అరగంట పట్టాలి దానికి!"

గాజు అవతల అల్లుడు మీటర్ వైపు ఒకసారి చూశాడు. గ్యాస్ విప్పింది తను, దూరాల్సింది తను. మామయ్య పెట్టిన నియమం. తల వంచి గోళం మూతిలోకి దూరాడు. భుజాలు, నడుము.

మైకు ఎక్కడుందో వెతికే టైము లేదు. వీడియోకి ఎవరూ అడ్డు రాకుండా హాలు తలుపుకి తాళం పడి ఉంది. తలుపు పక్కన గాజుమూత కింద ఎర్రబొత్తం ఉంది. పిల్లి దాని మీదికి చెయ్యి చాచింది.

"అది ముట్టుకోకండి!" చిన్నసారు మొదటిసారి గొంతు పెంచాడు. "హాలంతా ఆగిపోతుంది. అద్దాలన్నీ మళ్ళీ సరిచెయ్యాలంటే నెలలు పడుతుంది!"

పిల్లి మోచేత్తో మూత పగలగొట్టి బొత్తం నొక్కింది. దీపాలు పోయాయి, తలుపు తాళం టక్కుమని ఊడింది.

"ఊపిరి బిగబట్టు!" అని అరిచింది ఇన్‌స్పెక్టర్‌తో. అతను ఎందుకని అడగలేదు. అదొక్కటే అతని ఉద్యోగంలో మంచి గుణం, పాత ఆఫీసరు కేకేస్తే కాళ్ళు వాటంతటవే పరిగెడతాయి. మూతిలోంచి బయటికున్న రెండు కాళ్ళూ కదలడం లేదు. ఒకటి ఆమె, ఒకటి అతను పట్టుకుని లాగారు. బరువైన మనిషి. కోటు ఎక్కడో తగులుకుంది. చించేశారు. నేల మీద పడుకోబెట్టేసరికి అతని పెదాలు నల్లబడి ఉన్నాయి.

ఇన్‌స్పెక్టర్ అతని గుండె మీద రెండు చేతులూ వేసి నొక్కాడు. ఆగి నోట్లోకి ఊదాడు. మళ్ళీ నొక్కాడు. "లేరా," అంటున్నాడు పళ్ళు బిగించి, "లే, నిన్ను కోర్టుకి తీసుకెళ్ళాలి, లే." పిల్లి అతని తల వెనక్కి వంచి పట్టుకుంది. వీణ్ణయినా నాకు మిగల్చండి అని పొద్దున ఆ ఇల్లాలు అన్న మాటే ఆమె చెవుల్లో మోగుతోంది.

అల్లుడు ఒక్కసారి ఎగిరిపడి, గరగరమని ఊపిరి పీల్చాడు.

ఇన్‌స్పెక్టర్ వెనక్కి కూలబడ్డాడు. చెమట తుడుచుకుంటూ తల ఎత్తితే ఎదురుగా మీటర్. బ్యాటరీ మీద ఇంకా వెలుగుతోంది, పచ్చగా. అతను మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి గొట్టాన్ని కొస దాకా తడిమాడు. అది గోళంలోకి పోవడం లేదు. ఫ్యాన్ మూతి దగ్గరున్న ఇంకో చిల్లులోకి పోతోంది. ఫ్యాన్ ఆగి ఉన్నంతసేపూ వెనక్కి తన్నిన నైట్రోజన్ పీల్చి ఎర్రబడింది. ఫ్యాన్ వెయ్యగానే, లోపలికి పోయే కొత్తగాలి పీల్చి పచ్చబడింది. గోళం కడుపులో ఏముందో దానికి తెలియనే తెలియదు.

"ఇక్కడ ఎవరు బిగించారు?" అంది పిల్లి.

ఇన్‌స్పెక్టర్ తన అరచేతులు చూసుకున్నాడు. "నేనే."

"నువ్వా?"

"పాత గొట్టం సాక్ష్యం కదా, తీసి దాచండి, కొత్తది కూడా నేను ముట్టుకోకూడదు, మీరే బిగించండి అన్నాడు చిన్నసారు. ఈ చిల్లు చూపించి, ఇందులోనే అన్నాడు. నేను నా చేత్తో..."

పైన, అదీ బ్యాటరీ మీదే నడిచే స్పీకరు గరగరలాడింది. కంట్రోల్ రూంలోంచి చిన్నసారు గొంతు, ఎప్పటంత మర్యాదగానూ, హాలంతా నిండింది. "ఇన్‌స్పెక్టర్ గారూ, కంగారు పడకండి. నేను దేన్నీ ముట్టుకోలేదు, ఎవరి పేరూ చెప్పను. వీడియోలో మీ చేతులున్నాయని మీకూ నాకే కదా తెలుసు. కుర్రాడు మళ్ళీ పొరపాటు పడ్డాడని రాసుకోండి. పెద్దసారు విషయం కూడా అంతే. అందరికీ మంచిది."

ఎంత తీయగా చెప్పాడో! ఇన్‌స్పెక్టర్ ఉద్యోగం, పెన్షన్, పరువు మొత్తం గుప్పెట్లో పెట్టుకుని, గుప్పెడు మూసేశాడు. ఇన్‌స్పెక్టర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పిల్లి అతన్ని చూసింది. అతను ఏ వైపు మొగ్గుతాడో ఆమెకి నిజంగానే తెలియలేదు.

పెద్దసారు భార్య ఎప్పుడొచ్చిందో వచ్చి, అల్లుడి తల ఒళ్ళోకి తీసుకుని నేలమీద కూర్చుంది. అల్లుడు కళ్ళు తెరిచి ఆవిణ్ణి పోల్చుకోడానికి కాసేపు పట్టింది.

"అత్తయ్యా," అన్నాడు, గొంతు కీచుగా, "మామయ్యకి ఏమీ తెలిసుండదు. నిజం. నాకు ఏమీ తెలీలేదు. నొప్పి లేదు, భయం లేదు. నిద్రొచ్చినట్టే ఉంది. నువ్వు ఇంక దాని గురించి కుమిలిపోకు."

మూడు రోజులుగా బిగబట్టుకున్నదంతా ఆవిడకి అప్పుడు బయటికొచ్చింది. అల్లుడి నుదుటికి నుదురు ఆనించి, పెద్దగా, సిగ్గులేకుండా ఏడ్చింది.

ఇన్‌స్పెక్టర్ ఆ ఏడుపు విన్నాడు. నెమ్మదిగా లేచి, టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు. "మేడం, రాసుకోండి. గొట్టం బిగించింది నేనే. నా స్టేట్‌మెంటే మొదటిది. ఉద్యోగం పోతే మీ డిటెక్టివ్ ఆఫీసులో గుమస్తాగా పెట్టుకోండి."

"చేతులు నీవే, ఒప్పుకున్నాను," అంది పిల్లి, అతని భుజం మీద చెయ్యి వేసి. "మరి ఎక్కడ బిగించాలో చెప్పిన గొంతు ఎవరిది? నువ్వు బిగిస్తున్నప్పుడు కెమెరా నడుస్తోందా?"

"నడుస్తోంది. ఇక్కడే, పక్కనే పెట్టాను. తర్వాతే కంట్రోల్ రూంలోకి మార్చాను."

"దానికి మాటలు కూడా ఎక్కుతాయా, ఉత్త బొమ్మేనా?"

ఇన్‌స్పెక్టర్ ఒక్క క్షణం ఆమె మొహంలోకి చూశాడు. "ఎక్కుతాయి," అన్నాడు.

హాల్లో మాటలు కంట్రోల్ రూంలోకి వినిపించే మైకు తెరిచే ఉంది. ఇద్దరూ ఒకేసారి గాజు వైపు తిరిగారు. అవతల చిన్నసారు కుర్చీలోంచి లేచాడు. కెమెరాని స్టాండు మీద నుంచి ఊడబీకుతున్నాడు. తప్పు లేనివాడికి ఆ కెమెరాతో పనేమిటి?